చదరంగానికి జవాబుల పేజీ

పిల్లలూ! మీ లెక్కల పుస్తకం చివర జవాబుల పేజీలు ఉంటాయి కదా? లెక్క చేసిన తరువాత సరిచూసుకోవటానికి అవి. చేయకముందే చూసేవాళ్ళు కూడా ఉంటారనుకోండి. ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియకపోలేదు.

చదరంగానికి కూడా అటువంటి జవాబుల పేజీ ఒకటి తయారయింది. అది కాగితం మీద లేదు, కంప్యూటర్లలో ఉంది. దాన్ని గురించి చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

1988లో నేను చిత్తూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాష్టరుగా ఉన్నాను. ఆ ఏడు పాఠశాలలో ఆటల పోటీలు జరిగాయి. చదరంగానికి నేనే నిర్ణేతను. చివరి ఆట సాయంత్రం దాకా సాగింది. తెల్లపావులతో ఆడేవాడు పదో తరగతి కుర్రవాడు. నల్లపావులతో ఆడేవాడు ఎనిమిదో తరగతివాడు. ఈ చిన్నవాడు దూరపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఆఖరి బస్సు ఆరుంబావుకు. ఆరు గంటలయింది గాని ఆట తేలలేదు.

అప్పటికి బల్ల మీద మిగిలినవి నాలుగే పావులు. చిన్నవాడికి ఒంటి రాజు. పెద్దవాడికి రాజు, ఒక శకటు, ఒక బంటు. నేను బల్ల వంక ఒకసారి చూసి, "తెల్లపావులు గెలిచినట్టే. ఇక లేవండి," అన్నాను.

చిన్నవాడు లేవలేదు. "సార్, ఇది డ్రా సార్," అన్నాడు.

"వాడికి ఒక శకటు, ఒక బంటు ఎక్కువుంటే డ్రా ఎట్లా అవుతుందిరా?" అన్నాను.

"మూల గడి నల్లది సార్," అన్నాడు వాడు.

నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకుందామంటే చుట్టూ నలభై మంది పిల్లలు నిలబడి ఉన్నారు. "బస్సు పోతుంది, పద," అన్నాను. మొదటి బహుమతి స్టీలు టిఫిను డబ్బా పెద్దవాడికి వెళ్ళింది. రెండో బహుమతి పెన్ను చిన్నవాడికి ఇచ్చాము. వాడు పెన్ను జేబులో పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

నిరుడు వేసవి సెలవులకు మా మనుమరాలు తిరుపతి నుంచి వచ్చింది. ఏడో తరగతి చదువుతున్నది, చదరంగం నేర్చుకుంటున్నది. ఒకనాడు మధ్యాహ్నం నేను ఆ నాలుగు పావులనూ జ్ఞాపకం ఉన్నట్టుగా బోర్డు మీద పెట్టి, "ఇందులో ఎవరు గెలుస్తారమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల ఫోను తీసి, పావులను అందులోని బోర్డు మీద అలాగే అమర్చింది. రెప్పపాటులో జవాబు వచ్చింది: డ్రా.

"అంత త్వరగా ఆలోచించిందా?" అన్నాను.

"ఆలోచించలేదు తాతా. పట్టికలో ఉన్నది చూసి చెప్పింది, అంతే."

ఆ పట్టిక సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మీరు అలిపిరి నుంచి తిరుమల కొండకు నడిచి వెళ్ళి ఉంటారు. ఆ దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. మీరు ఏదో ఒక మెట్టు మీద నిలబడి, "పైకి ఇంకా ఎన్ని మెట్లు?" అని అడిగారనుకోండి. ఎక్కుతూ లెక్కపెడితే పైకి చేరినదాకా జవాబు తెలియదు. అలా కాకుండా ఎవరైనా కొండపైన మొదలుపెట్టి, దిగుతూ ఒక్కొక్క మెట్టు మీదా 1, 2, 3 అని రాసుకుంటూ వచ్చి ఉంటే? అప్పుడు ఏ మెట్టు మీద నిలబడినా కాళ్ళ వంక చూసుకుంటే చాలు.

చదరంగం పట్టికను చేసిన పద్ధతి ఇదే. ఆట ఎక్కడ ముగుస్తుందో అక్కడ మొదలుపెట్టి వెనక్కు నడిచారు. ముందుగా, రాజుకు కట్టు పడిన స్థితులన్నిటినీ కంప్యూటరు రాసుకుంటుంది. అవి కొండపైన ఉన్న మెట్లు. తరువాత, ఒక్క ఎత్తుతో అటువంటి కట్టులోకి నెట్టగల స్థితులేవో వెతికి వాటి మీద 1 అని రాస్తుంది. ఆ తరువాత వాటికి వెనకవి. ఇలా అంకె పడే స్థితి ఒక్కటి కూడా మిగలనిదాకా వెతుకుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గెలిచేవాడి వంతయినప్పుడు మంచి ఎత్తు ఒక్కటి ఉంటే చాలు, ఆ స్థితి మీద అంకె పడుతుంది. ఓడేవాడి వంతయినప్పుడు అట్లా కాదు. అతను వేయగల ప్రతి ఎత్తూ ఓటమికే దారి తీయాలి. తప్పించుకునే సందు ఒక్కటి ఉన్నా అంకె పడదు. అన్నీ ముగిశాక అంకె పడకుండా మిగిలిపోయిన స్థితులన్నీ డ్రాలే. మా చిన్నవాడి నాలుగు పావుల స్థితి అట్లా మిగిలిపోయిన వాటిలో ఒకటి. కంప్యూటరు ఎన్నిసార్లు కొండ దిగి వచ్చినా దాని మీద అంకె పడలేదు.

ఈ పట్టిక ఎంత పెద్దదో తెలియాలంటే ఒక చిన్న లెక్క చేద్దాం. పలక తీసుకోండి. బోర్డు మీద రెండు రాజులు మాత్రమే ఉన్నారనుకుందాం. ఇద్దరూ పక్కపక్క గళ్ళలో నిలబడకూడదు. ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చు? ఒక రాజు మూలలో ఉంటే రెండో రాజుకు 60 గళ్ళు మిగులుతాయి. మూలలు 4. మూల కాక అంచున ఉంటే 58 గళ్ళు. అటువంటి అంచు గళ్ళు 24. లోపల ఉంటే 55 గళ్ళు. లోపలి గళ్ళు 36. అన్నీ గుణించి కూడితే 3,612 వస్తుంది. రెండు పావులకే ఇంత! మూడో పావు పెడితే దీన్ని ఇంచుమించు 60తో హెచ్చవేయాలి. నాలుగోది పెడితే మళ్ళీ 60తో. ఏ పావులు పెట్టాలన్న ఎంపికలు వేరే ఉన్నాయి.

ఏడు పావుల దాకా ఈ లెక్క పూర్తయింది. ఏడు పావుల స్థితులు 4 కోట్ల కోట్లకు పైగా తేలాయి. కోటి కాదు, కోట్ల కోట్లు. అవన్నీ తేల్చి పట్టికలో రాసి పెట్టారు.

ఇది ఒక్క రోజులో జరిగిన పని కాదు. ఇలా వెనకనుంచి లెక్కకట్టవచ్చునని 1965లో రిచర్డ్ బెల్మన్ అనే అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు సూచించాడు. 1970ల చివరలో కెన్ థాంప్సన్ అనే మరొక అమెరికా దేశస్థుడు, రాజు, మంత్రి ఒక వైపు, రాజు, ఏనుగు ఒక వైపు ఉన్న నాలుగు పావుల స్థితులన్నిటికీ పట్టిక చేశాడు. మంత్రి ఉన్నవాడు గెలుస్తాడని పుస్తకాలన్నీ రాసేవి. పెద్ద ఆటగాళ్ళు అది సులువని అనుకునేవారు. సరే, ఆడి చూడండి అన్నారు. వాల్టర్ బ్రౌన్ అనే గ్రాండ్‌మాస్టరు పందెం కాసి మంత్రితో కూర్చున్నాడు. ఏనుగు వైపు కంప్యూటరు, తన పట్టిక చూసుకుంటూ. పుస్తకాలలో లేని విచిత్రమైన ఎత్తులు వేసి ఏనుగును తప్పించింది. చదరంగంలో బంటు కదలకుండా, పావు చావకుండా 50 ఎత్తులు జరిగితే డ్రా అడగవచ్చు. ఆ 50 ఎత్తులలో బ్రౌన్ గెలవలేకపోయాడు. ఇంటికి వెళ్ళి కూర్చుని చదువుకుని, మళ్ళీ వచ్చి ఆడాడు. ఈసారి సరిగ్గా 50వ ఎత్తులో ఏనుగును పట్టాడు. అంత పెద్ద ఆటగాడు మళ్ళీ పాఠం చదువుకుని వచ్చి కూర్చోవటం నాకు ఎంతో నచ్చిన సంగతి.

తరువాత అయిదు పావులు, ఆరు పావులు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయంలో లొమనోసోవ్ అనే మహా కంప్యూటరు మీద ఏడు పావుల పట్టిక చేశారు. అది 140 టెరాబైట్లు. మీ ఇంట్లో 128 గిగాబైట్ల ఫోను ఉంటే, అటువంటి ఫోన్లు వెయ్యికి పైగా కావాలి దాన్ని దాచటానికి. అందులో ఒక స్థితి దొరికింది: ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే గెలిచేవాడికి 549 ఎత్తులు పడుతుంది! ఆ ఎత్తులు ఎందుకు వేస్తున్నారో చూసే మనిషికి చాలాదాకా బోధపడదు.

2018లో సిజిజీ అనే మరొక పట్టిక ఏడు పావుల దాకా పూర్తయింది. ఇది సుమారు 18 టెరాబైట్లే. కట్టుకు ఎన్ని ఎత్తులు అని పూర్తిగా రాయకుండా, బంటు కదిలే లేదా పావు చచ్చే తరువాతి మజిలీకి ఎన్ని ఎత్తులు అని మాత్రం రాసుకోవటం వల్ల, గట్టిగా కుదించటం వల్ల అంత తగ్గింది. లిచెస్ అనే చోట దీన్ని ఎవరైనా కానీ ఖర్చు లేకుండా చూడవచ్చు. 2010లో ఒక ఫ్రాన్సు దేశస్థుడు మొదలుపెట్టిన ఆ సంస్థ చందాల మీద నడుస్తున్నది. మా మనుమరాలి ఫోను అడిగింది ఆ పట్టికనే.

ఎనిమిది పావుల పట్టిక ఇంకా పూర్తి కాలేదు. ఆట మొదలయ్యేటప్పుడు బోర్డు మీద 32 పావులుంటాయి. కనుక ఈ జవాబుల పేజీ ఆట చివరి భాగానికి మాత్రమే పనికివస్తుంది. మిగతా ఆటకు మరి ఏమిటి దారి?

దానికి రెండు సహాయాలున్నాయి. ఒకటి, జరిగిపోయిన ఆటల భోషాణం. వెనుకటి రోజులలో గొప్పవారి ఆటలు కావాలంటే పుస్తకాలే గతి. 1966 నుంచి బెల్గ్రేడు నగరంలో వెలువడిన చెస్ ఇన్ఫార్మెంటు సంపుటాలను పెద్ద ఆటగాళ్ళు ప్రాణంలా దాచుకునేవారు. 1980లలో జర్మనీలోని హాంబర్గులో ఆటలను కంప్యూటరులోకి ఎక్కించే పని మొదలైంది. 1994 నుంచి ఇంగ్లండులో మార్క్ క్రౌథర్ అనే ఆయన ప్రపంచంలో ఆ వారం జరిగిన ఆటలను పోగు చేసి ఉచితంగా పంచిపెడుతూ వచ్చాడు. ఇప్పుడు ఫోనులో మొదటి నాలుగు ఎత్తులు వేస్తే చాలు. ఆ స్థితి ఎందరు పెద్ద ఆటగాళ్ళకు వచ్చింది, తరువాత ఏ ఎత్తు వేశారు, ఎందరు గెలిచారు, అన్నీ వరుసగా కనిపిస్తాయి. ఇది జ్ఞాపకశక్తి మాత్రమే సుమండీ. వంద మంది ఒక ఎత్తు వేశారంటే అది మంచి ఎత్తని రుజువు కాదు. వంద మందీ ఒకే తప్పు చేసి ఉండవచ్చు.

రెండోది ఇంజను. స్టాక్‌ఫిష్ వంటివి. ఇది నిజంగానే ముందుకు లెక్కవేసుకుంటుంది, లక్షల స్థితులను తరచి చూసి ఎవరిది పైచేయో అంచనా చెబుతుంది. మనిషికంటే ఎంతో బాగా చెబుతుంది. అయినా అది అంచనాయే. పట్టిక మాత్రం అంచనా వేయదు. దానికి తెలుసు.

ఈ తేడా ఒక గొప్ప ఆటలో కనబడుతుంది. గుకేశ్ పేరు మీకు చెప్పనక్కరలేదు. 2006లో చెన్నైలో పుట్టాడుగాని, తెలుగు కుటుంబమే. వాళ్ళ పెద్దలది మన సత్యవేడు ప్రాంతం. 2024 చివర సింగపూరులో ప్రపంచ విజేతగా ఉన్న చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో తలపడ్డాడు. పదమూడు ఆటలు ముగిసేసరికి చెరి ఆరున్నర. డిసెంబరు 12న చివరిదైన పద్నాలుగో ఆట. గుకేశ్‌వి నల్లపావులు.

54 ఎత్తులు జరిగాక బోర్డు మీద తొమ్మిది పావులు మిగిలాయి. ఇద్దరికీ రాజు, ఏనుగు, శకటు. డింగ్‌కు ఒక బంటు, గుకేశ్‌కు రెండు. తొమ్మిది పావులంటే పట్టికకు అందదు. జాగ్రత్తగా ఆడితే డ్రా అని ఇంజన్ల అంచనా. అప్పుడు డింగ్ 55వ ఎత్తుగా తన ఏనుగును గుకేశ్ ఏనుగుకు ఎదురుపెట్టాడు. ఏనుగులు రెండూ పోయాయి. మిగిలినవి ఏడు. ఏడంటే పట్టికకు అందే లెక్క. ఆ స్థితికి పట్టిక ఇచ్చే జవాబులో సందేహం లేదు: నల్లపావుల గెలుపు.

ఎందుచేతనంటే, డింగ్ శకటు ఒక మూల గడిలో ఉంది. మూలలో ఉన్న శకటుకు ఐమూలగా ఒక్కటే దారి. గుకేశ్ తన శకటును సరిగ్గా ఆ దారికి అడ్డంగా తెచ్చి పెట్టాడు. ఇక అది తప్పుకోవటానికి చోటు లేదు. శకట్లు కూడా పోయాయి. మిగిలింది రాజులు, మూడు బంట్లు. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. అంతకు ముందు అందరికంటే చిన్న వయసున గెలిచిన కాస్పరోవ్‌కు 1985లో 22 ఏళ్ళు.

ఆ చివరి స్థితిని మీరు మీ బోర్డు మీద పెట్టుకోండి. తెల్లరాజు ఇ3లో, తెల్లబంటు జి3లో. నల్లరాజు ఇ5లో, నల్లబంట్లు ఎఫ్5, జి4 గళ్ళలో. ఎత్తు తెల్లవారిది. తెల్లరాజు దారి వదలక తప్పదు. ఎటు వదిలినా నల్లపావులు ఎట్లా గెలుస్తాయో అన్నకో, చెల్లెలికో ఎదురుగా కూర్చుని ఆడి చూడండి. ఫోనును తరువాత అడగవచ్చు.

గుకేశ్ ఆ పోటీకి సిద్ధమైనప్పుడు సహాయం చేసినవారిలో మన గుంటూరు హరికృష్ణ ఒకరు. ఆయన 2001లోనే గ్రాండ్‌మాస్టరు అయినవాడు. ఇంతటి పోటీకి తయారుకావటంలో భోషాణాలూ, ఇంజన్లూ అన్నీ వాడతారు. పోటీ గదిలోకి మాత్రం ఫోను తీసుకుపోనివ్వరు. ఇంకొక సంగతి. గుకేశ్‌కు చిన్నతనంలో ఆట నేర్పిన విష్ణు ప్రసన్న అనే గ్రాండ్‌మాస్టరు, 2019లో కుర్రవాడు గ్రాండ్‌మాస్టరు అయ్యేదాకా వాణ్ణి ఇంజను జోలికి పోనివ్వలేదు. సొంతంగా లెక్కవేయటమే పని. ఇంజను చెప్పే జవాబు పక్కనే ఉంటే పన్నెండేళ్ళవాడు లెక్క ఎందుకు వేస్తాడు చెప్పండి?

ఇక మా నాలుగు పావుల దగ్గరకు వద్దాం. ఫోను డ్రా అని చెప్పిన తరువాత నేను మనుమరాలిని, "ఎందుకు డ్రా?" అని అడిగాను.

"పట్టికలో ఉంది తాతా," అన్నది.

తరగతిలో ఈ జవాబు నేను చాలాసార్లు విన్నాను. "లెక్క ఎట్లా చేశావురా?" అంటే "వెనకాల పేజీలో ఉంది సార్" అనేవాళ్ళు. పట్టికకు ఫలితం తెలుసుగాని కారణం చెప్పే నోరు లేదు. అంచేత ఫోను పక్కన పెట్టించి, ఇద్దరం బోర్డు ముందు కూర్చున్నాం. తెల్లపావులు ఆ పిల్లవి, ఒంటి రాజు నాది. దీపాలు పెట్టే వేళకు విషయం తేలింది.

తెల్లబంటు బోర్డు కుడి అంచు వెంట నడుస్తున్నది. అది మంత్రి కావాలంటే చివరనున్న మూల గడికి చేరాలి. ఆ మూల గడి నల్లది. తెల్లవారి శకటు తెల్లగళ్ళ మీద తిరిగేది. శకటు ఏ రంగు గడిలో మొదలుపెడితే జన్మంతా ఆ రంగు మీదనే తిరగాలి కదా! కనుక ఎన్ని ఎత్తులు వేసినా అది ఆ నల్లమూలను తాకలేదు. ఒంటి రాజు ఆ మూలలో చేరి కూర్చుంటే వాణ్ణి బయటికి గెంటేవారు లేరు. పక్క గడికీ మూలకూ అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. ఆ దారీ మూసేశారంటే, రాజుకు షా లేదు, కదలటానికి చోటూ లేదు. అదీ డ్రాయే. శకటు నల్లగళ్ళదైతే తెల్లవారు గెలిచేవారే. ఒక గడి రంగు మీద ఆట అంతా తిరిగింది.

"మూల గడి నల్లది సార్" అన్న మాటలో ఇదంతా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు నాకు జవాబు ఒక్కటే చెప్పలేదు, కారణం కూడా చెప్పాడు. నేను "ఏదీ, చూపించు" అనలేదు. లెక్కల మాష్టరు అనవలసిన మాట అది ఒక్కటే.

పాత విద్యార్థుల ద్వారా వాకబు చేస్తే అతని నంబరు దొరికింది. తిరుపతిలోనే ఉద్యోగం. ఫోను చేసి నా పేరు చెప్పాను. "సార్, బాగుండారా సార్?" అని ఎంతో ఆప్యాయంగా పలకరించాడు. ఆ ఆట సంగతి ఎత్తాను. కొంచెంసేపు మాట్లాడలేదు.

"ఆ పొద్దు బస్సు పోయింది సార్," అన్నాడు. "నడిచే పోయినాను. దోవ పొడుగునా అదే ఆట ఆడుకుంటా పోయినాను. నాకేమన్నా తప్పు దొరుకుతుందేమో అని."

తరువాతి ఆదివారం కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను ఒక స్టీలు టిఫిను డబ్బా కొని ఉంచాను. దాన్ని చూసి పెద్దగా నవ్వి, కొడుకు చేతికి ఇచ్చాడు. భోజనాలయ్యాక ఆ నాలుగు పావులూ పెట్టుకుని కూర్చున్నాం. ఈసారి తెల్లపావులు నేను తీసుకున్నాను. అరగంట సేపు శకటును అటూ ఇటూ తిప్పాను. అతను రాజును మూలలోకి, పక్కకు, మూలలోకి జరుపుతూ కూర్చున్నాడు. చివరికి నేనే డ్రా అడిగాను.